కొక్కెం తగిలించే చోటు

సురేందర్ విసిరిన సేఫ్టీ బెల్టు అన్నం గిన్నెకు తగిలి ఆగింది. గిన్నె మీది మూత ఎగిరి కిందపడి, గిరగిరా తిరుగుతూ పోయి సోఫా కింద దూరింది. తీయడానికి ఎవరూ వంగలేదు.

“మంచిగ చూడు బావా. పోశన్న మామ నడుముకున్న బెల్టు ఇదే. దవాఖానల పట్టీ కోసి తీసి నా చేతుల పెట్టిన్రు. బెల్టు లేకుంట ఎక్కిండని ఎట్ల రాస్తరు మీరు?”

“నేను రాయలే. కంపెనీ రాసింది.”

“కింద సంతకం ఎవలది?”

“ఇంకా పెట్టలే,” అన్నాడు రత్నాకర్.

ఆ ‘ఇంకా’ ప్రమీల చెవిన పడింది. గరిటె పట్టుకొని వంటింటి గుమ్మంలో నిలబడ్డ మనిషి అక్కడే ఉండిపోయింది. ఇటు తోడబుట్టినవాడు, అటు కట్టుకున్నవాడు. మూడు రోజులుగా ఇద్దరికీ సర్ది చెప్పి సర్ది చెప్పి ఆమె నోరు పిడచకట్టుకుపోయింది. ఎవరికి వారు తమకే చెబుతున్నదనుకొని మొహం మాడ్చుకుంటున్నారు.

గల్ఫ్‌కొచ్చి రత్నాకర్ ఇంజనీరుగా చేరిన కంపెనీ మదీనత్ ఖలీఫాలో కడుతున్న అపార్ట్‌మెంట్ల మొదటి బ్లాకు పైకప్పు మీంచి పోశన్న పడ్డది గురువారం పొద్దున. కింద కార్ల నీడకు కట్టిన గుడ్డ మీద పడి, అది చిరిగి, ఆ తర్వాత నేల మీదికి వచ్చాడు. అందుకే ప్రాణం దక్కింది. నడుము కింది నుంచి మాత్రం స్పర్శ లేదు. పోశన్నది ఈ అక్కాతమ్ముళ్ళ ఊరే, వరుసకు మామ. సురేందర్‌కు ఏసీ పని చెయ్యి పట్టి నేర్పింది ఆయనే.

ఈ రోజు శనివారం. గోడ గడియారం ఒకటీ ముప్పావు చూపిస్తోంది. ఎండాకాలం కాబట్టి ఇక్కడి చట్టం ప్రకారం మూడున్నర దాకా బయటి పని చేయించకూడదు. సరిగ్గా మూడింటికి కంపెనీ వ్యాను ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌ అనే పేటలోని ఈ విల్లా గేటు దగ్గరికే వచ్చి సురేందర్‌ను ఎక్కించుకుపోతుంది. మూడో బ్లాకు కప్పు మీద ఏసీలు నడిపించి చూపాలట. అదీ అటువంటి కప్పే. అదే మోకాలెత్తు పిట్టగోడ.

సురేందర్ బెల్టు కొసన వేలాడుతున్న కొక్కేన్ని పట్టుకొని బావ మొహం ముందు ఆడించాడు.

“కొక్కెం ఎంత సాఫ్‌గున్నదో చూసినవా? వంకర పోలే, గీత పడలే. దేనికీ తగిలియ్యలే కాబట్టి. తగిలియ్యనీకి ఆడ ఏమున్నది?”

“అది నన్నడుగుతవేంది?”

“నిన్నే అడుగుత. వేరే సైట్లళ్ల కప్పు చుట్టు ఇనుప జాలీ ఉంటది. మనిషంత ఎత్తు. దానికే కొక్కెం తగిలిచ్చుకుంటం. వీపు ఆనిచ్చుకుంటం. మీ డ్రాయింగుల గూడ ఉండెనట గదా. ఎవలు తీసేసిన్రు?”

ఎవరు తీసేశారో ఈ ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. టీవీ పక్కన షీల్డు ఉంది. పోయినేడాది పెద్ద హోటల్లో సభ పెట్టి, ‘ఉత్తమ వాల్యూ ఇంజనీరింగ్’ అని చెక్కించి రత్నాకర్ చేతికిచ్చారు. ప్రమీల ఆ ఫొటో జగిత్యాలలో ఉన్న అత్తగారికీ, కరీంనగర్లో ఉన్న చెల్లెలికీ, ఆఖరికి తను పనిచేసే అల్ సద్ క్లినిక్‌లో డాక్టరమ్మకు కూడా చూపించి మురిసిపోయింది. ఇప్పుడు ఆ షీల్డు వైపు చూడాలంటే ఆమెకు ఒళ్ళు మండుతోంది.

“ఆ జాలీ బెల్టు తగిలిచ్చెతందుకు పెట్టింది కాదు సురేందర్,” అన్నాడు రత్నాకర్, పిల్లవాడికి పాఠం చెప్పినట్టు. “ఏసీ మిషన్లు రోడ్డు మీదికి కనబడకుండ దాచెతందుకు పెట్టిన్రు. మేము పొట్టి మిషన్లు తెచ్చినం. రోడ్డు మీదికి కనబడవు. కనబడనిదాన్ని దాచుడెందుకు? కప్పు మీద జనం తిరగరు కాబట్టి పిట్టగోడ మోకాలెత్తు చాలు. కన్సల్టెంటు చూసిండు, యజమాని ఒప్పుకున్నడు.”

“గిదేనా నీ వాల్యూ ఇంజనీరింగు?”

“ఎటకారం చెయ్యకు,” రత్నాకర్ గొంతు పెరిగింది. “కత్తెర పట్టుకొని కోసుకుంట పోవుడనుకుంటున్నవా? ఒక్కొక్క వస్తువును పట్టుకొని నువ్వేం పని చేస్తున్నవని అడుగుడది. అదే పని తక్కువల అయ్యే తొవ్వ చూసుడు. లాబీల పాలరాయి తీసేస్తేనే ఆ బ్లాకులకు రెండో లిఫ్టు వచ్చింది. వంటింట్ల కిటికీలు వచ్చినయి. అంతెందుకు, నువ్వుండే క్యాంపుల గదికి ఎనమండుగురు పండుకునేది. గేటు ముందట ఫౌంటెన్ వద్దు, గా పైసలతోని ఇంకో అంతస్తు లేపుండ్రి అని కొట్లాడింది ఎవలు? ఇయ్యాల గదికి నలుగురున్నరంటే ఎవలి పుణ్యం?”

“నీ పుణ్యమే. కాదంటినా?” సురేందర్ కుర్చీ లాక్కొని బావకు ఎదురుగా కూర్చున్నాడు. “నువ్వు చేసిన మంచి నేను నలుగుర్ల చెప్పుకున్న. మా బావ గసొంటోడని ఛాతి ఇరుసుకొని తిరిగిన. లిఫ్టు ఎక్కెటోళ్ళ గురించి ఆలోచించినవ్, వంట చేసెటోళ్ళ గురించి ఆలోచించినవ్, మంచిదే. కప్పు మీదికి ఎక్కెటోణ్ణి అడిగినవా?”

రత్నాకర్ నోరు తెరిచాడు. ఏదో అనబోయి నీళ్ళు నమిలాడు. ఆ నమలడం ప్రమీల చూసింది. పదమూడేళ్ళ కాపురంలో ఆయన మాట తడబడిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అడగలేదని ఒప్పుకుంటే పోయేదానికి ఇంత ఆలోచన దేనికో ఆమెకు అర్థం కాలేదు.

జిప్సం గోడ అవతల పక్కింటి శివకుమారి వాళ్ళ టీవీ గొంతు ఉన్నట్టుండి తగ్గింది. ఒకే విల్లాను నాలుగు ముక్కలు చేసి అద్దెకిచ్చిన ఇల్లు ఇది. ఒకరింట్లో తుమ్మితే ఇంకొకరింట్లో వినబడుతుంది. ప్రమీల కూతురు కూడా వాళ్ళింట్లోనే ఆడుకుంటోంది. వినీ వినీ రేపు వాకిట్లో ఎదురైనప్పుడు, ‘ఏమైందండీ, ఏవో మాటలు వినపడ్డాయి’ అని తియ్యగా అడుగుతారు. అడగనీ అనుకుంది ప్రమీల. ఇప్పుడు పరువు గురించి ఆలోచించే ఓపిక ఆమెకు లేదు.

బల్ల మీద ఆమె ఫోను మోగింది. ఊరి నుంచి సాయవ్వ. పోశన్న భార్య. ఆమె లెక్కలో గల్ఫ్ అంతా దుబాయే. పొద్దుటి నుంచి ఇది ఐదోసారి. నాలుగుసార్లు తీయలేదు. ఇప్పుడు తమ్ముడు చూస్తున్నాడు కాబట్టి తీయక తప్పలేదు.

“బిడ్డా ప్రమీలా. దుబాయ్ కంపెనోళ్ళు ఎవలో హిందీల ఫోన్ చేసిన్రే. మీ ఆయన బెల్టు పెట్టుకోలే, గలతి ఆయనదే అన్నరు. నిజమేనా బిడ్డా?”

“నిజం కాదత్తా.”

“నేను గదే అన్న. ఊర్ల సైకిలెక్కితే గూడ తువ్వాల నడుముకు బిగిచ్చి ఎక్కెటోడు. భయమెక్కువ ఆయనకు. మీ ఇంటాయన పెద్ద ఇంజనీరు గదా, ఆయన్నొక్క మాట చెప్పమను బిడ్డా. ఆయన చెప్తె ఇంటరు.”

ప్రమీల మొగుడి వైపు చూసింది. రత్నాకర్ కళ్ళు ల్యాప్‌టాప్ మీదికి దించుకున్నాడు. సాయవ్వ గొంతు గదిలో అందరికీ వినబడుతూనే ఉంది.

“చెప్తడత్తా,” అంది ప్రమీల. ఫోను పెట్టేసి మొగుడితో, “చెప్తవని మాటిచ్చిన. ఇన్నవు గదా,” అంది.

“నన్నడిగి ఇచ్చినవా?”

“నువ్వు జాలీ తీసేసేటప్పుడు ఆమె మొగణ్ణి అడిగి తీసినవా?”

ఆ మాట తగలవలసిన చోట తగిలింది. రత్నాకర్ మొహం కందిపోయింది. ల్యాప్‌టాప్ మూత ఠప్పున మూసి లేచాడు.

“ఇద్దరూ ఒక్కటైన్రు. మంచిది. ఇద్దరికీ ఒకటే చెప్త, ఇనుండ్రి. జాలీ తీసేసుడు తప్పని నేను రాసిస్తే రేపు పొద్దుగాల నా కొలువు పోతది. కొలువుతోని అందరి వీసాలు పోతయి. పిల్ల ఆరో తరగతి నడుమల బడి ఇడిచిపెట్టాలె. మళ్ళ నన్ను ఏ కంపెనీ తీసుకోదు. నేను రాసిస్తే పోశన్న లేచి నడుస్తడా?”

“నడవడు,” అన్నాడు సురేందర్. “నేను పడకుంట ఉంట. నేను ఇయ్యాల మూడున్నరకు మూడో బ్లాకు మీదికి ఎక్కాలె. రేపు నాలుగోది, ఎల్లుండి ఐదోది.”

“రానని చెప్పు. ఒంట్ల బాగలేదను.”

“నేను పోకుంటే జలంధర్‌ను ఎక్కిస్తరు. వచ్చి నెల గాలే. ఇద్దరు బిడ్డల పెండ్లిళ్ళు చేసి, షుగర్ గోలీలు మింగుకుంట వచ్చిండు. ఆయన పడితే నీకు ఫరక్ లేదు, నీకు బామ్మర్ది కాడు గద.”

రత్నాకర్ చెయ్యి లేచింది. కొట్టడానికి కాదేమో, ఆగమని చెప్పడానికేమో. కానీ ప్రమీల గరిటెతోనే వచ్చి ఇద్దరి మధ్య నిలబడింది. రత్నాకర్ చెయ్యి దించేశాడు.

రెండూ ఇరవైకి రత్నాకర్ ఫోను మోగింది. ప్రాజెక్టు మేనేజరు కృష్ణప్రసాద్. రాజమండ్రి మనిషి. అరిచి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఆయన మెత్తగా మాట్లాడాడంటే ఎదుటివాడికి మూడినట్టేనని రత్నాకరే ఎన్నోసార్లు ఇంట్లో చెప్పాడు.

“స్పీకర్ పెట్టు బావా,” అన్నాడు సురేందర్.

“ఆఫీసు మాటలవి.”

“మామ నడుం గూడ ఆఫీసు పనిలనే ఇరిగింది. పెట్టు.”

రత్నాకర్ భార్య వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఫోను బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కాడు.

“రత్నాకర్ గారూ, భోజనం అయిందాండీ?” అంది అవతలి గొంతు. “ఆ స్టేట్‌మెంటు మీద మీ సంతకం ఒక్కటే ఆగిపోయిందండీ. మూడింటిలోపు పంపించేస్తే, సాయంత్రం నేను పైవాళ్ళ ముందు పెట్టేస్తాను.”

“సర్, అది… బెల్టు పెట్టుకోలేదని ఉంది దాంట్ల. పెట్టుకున్నడని అంటున్నరు.”

“అంటే అంటారండీ. పెట్టుకున్నా తగిలించలేదు కదా, రెండూ ఒకటే. మీరు అనవసరంగా కంగారు పడకండి. జాలీ తీసేసినప్పుడే మీరు కాగితం చాలా పకడ్బందీగా పెట్టుకున్నారు. కప్పు మీద పనిచేసేవాళ్ళని అడిగాం, జాలీ అడ్డమే అన్నారు, తీసేస్తే అభ్యంతరం లేదన్నారు అని రాశారు చూడండి, అదే మనకి శ్రీరామరక్ష. ఊరికే రాయకుండా టెక్నీషియన్ పేరూ, ఐడీ నంబరూ కూడా వేశారు.”

సురేందర్ బల్ల మీదికి వంగాడు. “ఏం పేరు?” అన్నాడు.

“ఎవరండీ పక్కన?”

“ఎవరూ లేరు సర్, నేను మళ్ళ చేస్త,” అంటూ రత్నాకర్ ఫోను అందుకోబోయాడు. ప్రమీల గరిటె అడ్డం పెట్టింది.

“పేరేముందండీ, నా ముందే ఉంది కాగితం. సురేందర్. ఏసీ టెక్నీషియన్. ఆ మనిషి ఇప్పుడు మాట మార్చకుండా చూసుకోండి, అంతే. ఉంటానండీ.”

ఫోను ఆగిపోయింది.

సురేందర్ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని ప్రమీలకు అనిపించింది. వాడు నెమ్మదిగా కుర్చీలో వెనక్కి వాలాడు. బావను ఎగాదిగా, కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

“నన్నెప్పుడడిగినవ్ బావా?”

రత్నాకర్ ఫోను బల్ల మీద బోర్లా పెట్టాడు.

“ఆఫీసుల అడిగినవా? సైటు మీద అడిగినవా? కాగితం చూపిచ్చినవా? ఎప్పుడడిగినవ్?”

“ఇక్కడే,” అన్నాడు రత్నాకర్. “ఓ శుక్రవారం. తినుకుంట.”

అప్పుడు ప్రమీలకు గుర్తొచ్చింది.

పోయినేడాది చలికాలం, ఆ షీల్డు ఇంకా రాకముందు. బోటి కూర వండి తమ్ముణ్ణి పిలిచింది. రత్నాకర్ ఒళ్ళో ఏవో కాగితాలున్నాయి. తింటూ తింటూ, ‘సురేందర్, కప్పు మీద జాలీ మీకు పనికొస్తదా? ఉత్తగనే అడుగుతున్న’ అన్నాడు. వాడు నోటి నిండా ముద్ద పెట్టుకొని, ‘అడ్డమే బావా, మిషన్ మూతలు ఇప్పేటప్పుడు తగుల్తది. కానీ…’ అన్నాడు.

‘కానీ’ అనగానే రత్నాకర్ కనుబొమలు ముడిపడ్డాయి. అది ఆమె చూసింది. బావ పెట్టిన దరఖాస్తుతో వచ్చిన వీసా, బావ ఇంట్లో తింటున్న తిండి. ఈ పిచ్చివాడు ఇప్పుడు వాదనకు దిగితే ఆయన మొహం మాడ్చుకుంటాడు, పండుగలాంటి పూట పాడవుతుంది. ఆమె తమ్ముడి వైపు కళ్ళెర్రజేసి, ‘తినేటప్పుడు డ్యూటీ ముచ్చట్లు బంద్ చేయుండ్రి’ అంటూ వాడి కంచంలో ఇంకో గరిటెడు కూర వేసింది. వాడు తల వంచుకొని తిన్నాడు. బావ మాటకు రెండోసారి అడ్డం చెప్పే అలవాటు వాళ్ళ ఇంట్లో ఎవరికీ లేదు. ఆ అలవాటు నేర్పినవాళ్ళలో తనూ ఒకతె.

అదే గరిటె ఇప్పుడు ఆమె చేతిలో ఉంది. బల్ల మీద పెట్టేసింది.

“ఆ రోజు వాడు ‘కానీ’ అన్నడు,” అంది మొగుడితో. “నువ్వు ఇన్నవు.”

“ఇన్న. తర్వాత ఏం చెప్పలే వాడు.”

“చెప్పనిచ్చినమా?”

“అభ్యంతరం ఉంటే మరుసటి రోజన్న చెప్పొచ్చు కదా ప్రమీలా. నోరు లేదా?”

“నీ ముందట లేదు బావా,” అన్నాడు సురేందర్. “నీ ముందట నాకు ఎన్నడు నోరుండె? నువ్వు ఊ అంటే ఊ, ఆ అంటే ఆ. గది తెలిసే నన్నడిగినవ్. సైటు మీద పోశన్న మామను అడిగితే మొత్తం చెప్పేటోడు. ‘అడ్డమే, కానీ పట్టుకునేతందుకు గదొక్కటే ఉన్నది, తీస్తే ఇంకోటి పెట్టుండ్రి’ అనేటోడు. నేను గూడ గదే అనబోయిన.”

రత్నాకర్ కుర్చీలో కూలబడ్డాడు. “ఒక్క పైపు,” అన్నాడు తనలో తాను. “చుట్టూ ఒక్క పైపు వేస్తే అయిపోయేది. జాలీ ఖర్చుల పదో వంతు కాదు. దాచుడు ఒక పని, ఆపుడు ఇంకో పని. నేను ఒక్కటే రాసుకున్న.”

“గీ ముక్కే రాసి పంపు,” అంది ప్రమీల. “మూడింటి లోపల. పైపు ఏసేదాక ఎవలూ ఎక్కొద్దని రాయి.”

“చెప్పిన గదా ఏమైతదో.”

“చెప్పినవ్. ఇన్న.”

“మరి?”

“అంటే నువ్వు రాయవన్నట్టు,” అంది ప్రమీల.

రత్నాకర్ ల్యాప్‌టాప్ తెరిచాడు. ఏవో రెండు లైన్లు కొట్టాడు. తుడిపేశాడు. మళ్ళీ కొట్టాడు. గడియారం ముల్లు రెండూ యాభై దాటింది. సురేందర్ లేచి పోయి గుమ్మం దగ్గర బూట్లు వెతుక్కుంటున్నాడు. చూసి చూసి ప్రమీలకు ఇక ఓపిక చచ్చిపోయింది. బల్ల మీది మొగుడి ఫోను తీసుకొని, ఆఖరున మాట్లాడిన నంబరు మీద వేలు పెట్టి, స్పీకర్ నొక్కింది.

“ఏం చేస్తున్నవ్?” రత్నాకర్ లేచేలోపల అవతల ఎత్తారు.

“చెప్పండి రత్నాకర్ గారూ, పంపించారా?”

“రత్నాకర్ కాదు సార్. ఆయన భార్యను, ప్రమీలను. మీ కాగితంల ఉన్న సురేందర్ నాకు సొంత తమ్ముడు.”

అవతల కాగితం తిప్పిన చప్పుడైంది.

“వాణ్ణి అడిగింది మీ ఆఫీసుల కాదు, మా ఇంట్ల, బువ్వ తినేటప్పుడు. వాడు అడ్డమన్నడు, కానీ అన్నడు. ఆ కానీ తర్వాత మాట మీ కాగితంల లేదు. ఎందుకంటే వాని నోరు నేనే మూయించిన. గిది ఎవలు అడిగినా, ఎక్కడ అడిగినా చెప్త. రాసుకోండ్రి.”

“అమ్మా,” అన్నాడు కృష్ణప్రసాద్. గొంతు ఇంకా మెత్తబడింది. “మీరు కోపంలో ఉన్నారు. ఫోను ఒక్కసారి మీవారికివ్వండి.”

ఆమె ఫోను చాచింది. రత్నాకర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. “ఇల్లు ముంచినవ్,” అన్నాడు. ఫోను అందుకున్నాడు. స్పీకర్ ఆపేశాడు. చెప్పులైనా వేసుకోకుండా తలుపు తీసుకొని వాకిట్లోకి నడిచాడు.

కిటికీలోంచి కనబడుతున్నాడు. బండలు పెనంలా కాలిపోతుంటాయి, అయినా కాళ్ళు ఎత్తి ఎత్తి వేయడం లేదు. గేటు దాకా పోయి ఆగాడు. వీపు ఇంటివైపు ఉంది. తల రెండుసార్లు ఊపాడు. ఔనంటున్నాడో కాదంటున్నాడో తెలియలేదు.

తెల్ల వ్యాను వచ్చి గేటు ముందు ఆగింది. డ్రైవరు హారను కొట్టాడు.

సురేందర్ బూటు దారాలు ముడేసి లేచాడు. బల్ల మీది బెల్టు నుంచి కొక్కేన్ని విప్పి జేబులో వేసుకున్నాడు.

“జరుగక్కా. నేను పోకుంటే జలంధర్‌ను ఎక్కిస్తరు.”

ప్రమీల తలుపుకు వీపు ఆనించి నిలబడింది. గొళ్ళెం ఆమె వెన్నుకు గుచ్చుకుంటోంది. కిటికీ అవతల రత్నాకర్ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. వ్యాను రెండోసారి హారను కొట్టింది. ఆయన ఫోను చెవి నుంచి తీయకుండానే, ఖాళీగా ఉన్న చేయి డ్రైవరు వైపు ఎత్తాడు.

“ఆగమంటున్నడా?” అన్నాడు సురేందర్. “నేను వస్తున్ననని చెప్తున్నడా?”

ఆమెకు తెలియలేదు. తలుపు మాత్రం వదల్లేదు.